డప్పు మనది, వయొలిన్ ఎవరిది?
(శాస్త్రీయ సంగీతం - దళిత శ్రోత : జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఒక చర్చ)

సంగీతం గురించి మాట్లాడేటప్పుడు మన సభల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. ఒకటి, 'సంగీతానికి కులం లేదు' అని. రెండోది, 'శాస్త్రీయ సంగీతం బ్రాహ్మణులది, మనది కాదు, మనది డప్పు' అని. మొదటి మాట అనేది పైకులాల రసికులు. రెండోది అనేది మనోళ్లే, మన ఉద్యమకారులే. చూడటానికి ఈ రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడ్డ మాటల్లాగ వుంటాయి. కానీ ఒక దళిత విద్యార్థి వయొలిన్ నేర్చుకోవాలనుకున్నప్పుడు ఈ రెండు మాటలూ కలిసి ఒకే పని చేస్తాయి. మొదటిది, 'తలుపు తెరిచే వుంది, నువ్వే రాలేదు' అంటుంది. రెండోది, 'ఆ తలుపు దిక్కు చూడకు' అంటుంది. పిల్ల మాత్రం బయటనే వుండిపోతుంది.

ఈ వ్యాసంలో మేము ఆ రెండు మాటలనూ పరీక్షించదలిచాం. మేము మాట్లాడుతున్నది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం నుంచి. 2016 అక్టోబర్ దాకా ఇవన్నీ కరీంనగర్ జిల్లాలోవే. మా ఇండ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేమే. రాగం పేరు తెలియకముందే రాగాన్ని ఇష్టపడ్డ తరం కూడా మాదే. ఈ ఇష్టాన్ని మా ఉద్యమ మిత్రుల ముందు దాచుకోవలసి రావడం, రసికుల ముందు రుజువు చేసుకోవలసి రావడం మా అనుభవం. ఇది వ్యక్తుల అభిరుచి సమస్య అని కొట్టిపారేస్తే కుదరదు. ఎవరికి ఏది వినే హక్కు, ఏది వాయించే హక్కు వున్నదో నిర్ణయించేది ఎవరు అనేది ఇక్కడ అసలు ప్రశ్న.

'శాస్త్రీయం' అనే మాట

ముందు ఈ మాట సంగతి చూద్దాం. శాస్త్రంలో వున్నది శాస్త్రీయం, జనం దగ్గర వున్నది జానపదం అని మనకు పాఠ్యపుస్తకాలు నేర్పాయి. మరి శాస్త్రం ఏమంటున్నది? 13వ శతాబ్దంలో శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో కిన్నరీవీణ వున్నది. మెట్లు, సొరకాయ బుర్రలు, తీగలు వున్న వాయిద్యం అది. పాలమూరు దిక్కు డక్కలి కులస్తుల చేతుల్లో ఈనాటికీ మిగిలిన కిన్నెర కూడా మెట్లు, బుర్రలు, తీగలు వున్నదే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఇచ్చింది 'జానపద కళాకారుడి'గానే. పుస్తకంలో వున్నప్పుడు శాస్త్రమైనది డక్కలి భుజం మీదికి రాంగనే జానపదం ఎట్లయింది? వాయిద్యంలో వచ్చిన తేడానా, భుజంలో వున్న తేడానా? ఆ పద్మశ్రీ వచ్చిన రెండేళ్లకే, 2024లో, ఆయన కూలిపని చేస్తున్న దృశ్యాలు వార్తల్లోకెక్కాయి. బిరుదు వేరు, బతుకుదెరువు వేరు అని దేశానికంతా అప్పుడు మళ్లీ తెలిసొచ్చింది.

ఇంకా వెనక్కి పోదాం. రాగం అంటే ఏందో మొట్టమొదట నిర్వచించిన గ్రంథంగా బృహద్దేశిని చెబుతారు. దాని కర్త పేరు మతంగుడు. అమరకోశంలో చండాలుడికి వున్న పర్యాయపదాల్లో 'మాతంగ' ఒకటి. మన మాదిగ వాడల్లో మాతంగి ఎవరో మనకు చెప్పనక్కర లేదు. దీన్ని పట్టుకుని మతంగుడు మనోడే అని జబ్బలు చరుచుకోవాలని మేము అనడం లేదు. పేరొక్కటి చూసి కులం తేల్చలేం. కానీ ఆ గ్రంథం పేరులోనే 'దేశి' వున్నది. ప్రాంతాల్లో, జనాల్లో పాడుకునే పాటలను చూసి రాసిన శాస్త్రమది. అంటే శాస్త్రం పాటకు తల్లి కాదు, పాటే శాస్త్రానికి తల్లి. బిడ్డ పెద్దదై తల్లిని గుర్తుపట్టకుంటే తప్పు తల్లిదా?

ఇప్పుడు వయొలిన్ సంగతి. అది యూరప్ నుంచి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితులు వంటి వాళ్లు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇప్పుడు అది లేకుంటే కచేరీ లేదు. తర్వాత మాండొలిన్ వచ్చింది, శాక్సాఫోన్ వచ్చింది, వాటికీ పీట వేశారు. హార్మోనియం మాత్రం పరదేశి వాయిద్యం, మన గమకాలు పలకదు అని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని నిషేధించింది. అదే కాలంలో మన వీధి నాటకాలూ, భజనలూ, పద్య నాటకాలూ ఆ హార్మోనియం మీదనే బతికాయి. అంటే పరదేశిదా స్వదేశిదా అన్నది ఇక్కడ అసలు కొలత కాదు. ఎవరు ముట్టుకుంటే ఏది పవిత్రమవుతుంది, ఎవరి చేతిలో వుంటే ఏది మోటయిపోతుంది అన్నదే కొలత. ఏడు సముద్రాలు దాటి వచ్చిన వయొలిన్‌కు గర్భగుడి దాకా దారి దొరికింది. ఊరి చివర నుంచి వచ్చిన డప్పు గుడి బయటనే ఆగిపోయింది. రెండు ఫర్లాంగుల దూరం సముద్రం కంటే పెద్దదైంది.

తోలు ఒక్కటే

మృదంగం సంగతి చూస్తే ఈ కపటం ఇంకా తేటగా కనబడుతుంది. మృదంగానికి ఆవు, మేక, బర్రె తోళ్లు కావాలి. ఆ తోలు వాటంతట అవి వచ్చి మృదంగానికి అతుక్కోవు. ఎవరో కొయ్యాలె, కడగాలె, ఆరబెట్టాలె, సాగదీయాలె, వార్లు బిగించాలె, శ్రుతికి తేవాలె. తంజావూరులో తరాలుగా ఈ పని చేస్తున్నది దళిత క్రైస్తవ కుటుంబాలు. గాయకుడు టి.ఎం.కృష్ణ వాళ్ల చరిత్రను 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంగా 2020లో తెచ్చారు. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగ నాదం గురించి రసికులు పుటలకు పుటలు రాశారు. ఆ నాదాన్ని తోలులోంచి రప్పించిన పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? ఆ పుస్తకావిష్కరణకు మొదట అనుమతినిచ్చిన చెన్నై కళాక్షేత్ర తర్వాత దాన్ని వెనక్కి తీసుకుంది. ఆవిష్కరణ వేరే చోట జరిగింది. తోలు వేదికనెక్కొచ్చు గానీ తోలు కథ వేదికనెక్కరాదన్నమాట.

శ్రుతి తెలియని వాడు మృదంగం కట్టలేడు. ఈ మాటను గట్టిగా పట్టుకోవాలె. 'మనవాళ్లకు శ్రమ తెలుసు, వాళ్లకు శాస్త్రం తెలుసు' అని మన వ్యాసాల్లో కూడా రాస్తుంటాం. అది తప్పు విభజన. మూతకు ఎన్ని పొరలుండాలె, మధ్యన నల్లపూత ఎంత మందంగా వుండాలె అన్నది చెవితో తేల్చాల్సిన విషయం. ఆ చెవి వున్నవాడు సంగీతజ్ఞుడే. డప్పును మంటకు కాపి వేలితో తట్టి చూసే మన పెద్దమనిషి చేస్తున్నదీ శ్రుతి చేయడమే. చిర్ర కుడిచేత, సిటికెన పుల్ల ఎడమచేత పట్టి అతను మార్చే దరువుల్లో లెక్క వున్నది. ఆ లెక్కను ఎవరూ రాసిపెట్టలేదు కనుక అది లెక్క కాకుండా పోదు.

మూడు పట్నాలు, రెండు వినికిడులు

ఇక మా ప్రాంతానికి వద్దాం. జగిత్యాల అంటే 1978 సెప్టెంబర్ 7 జైత్రయాత్ర. వెట్టికి వ్యతిరేకంగా, కూలిరేట్ల కోసం, దొరల భూముల మీద లేచిన ఉద్యమమది. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ ఉద్యమం డప్పును వెట్టి నుంచి విడిపించింది. అంతకుముందు డప్పు దొర గడీ ముందట కొట్టాలె, సావుకు కొట్టాలె, చాటింపుకు కొట్టాలె. కొట్టనంటే తన్నులు. జననాట్యమండలి, గద్దర్ డప్పును సభల ముందుకు తెచ్చాక అది పిలుపు అయింది, కోపం అయింది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పుకు ఆత్మగౌరవాన్ని జోడించింది. ఈ మేలును మేము తక్కువ చేయడం లేదు. అది లేకుంటే మేము ఈ వ్యాసం రాసే చోట వుండేవాళ్లం కాదు.

అయితే విముక్తి చేసిన చిహ్నమే కొన్నాళ్లకు కొలబద్దగా మారింది. దళితుడంటే డప్పు, డప్పంటే దళితుడు. పోస్టరు మీద డప్పు, బ్యానరు మీద డప్పు, యూనివర్సిటీ సెమినార్ ప్రారంభంలో డప్పు. మనువు చెప్పింది కులానికో పని అని. మనం దాన్నే తిరగేసి కులానికో వాయిద్యం అంటున్నామా అని ఆలోచించాలి. గౌరవంగా అప్పగించినా అప్పగింత అప్పగింతే.

మా వాడల్లో నిజంగా వినిపించినవి ఏమిటో ఎవరన్నా రాశారా? మా నాయినల తరం దుబాయికి, మస్కట్‌కు పోయింది. తిరిగొచ్చేటప్పుడు టూ-ఇన్-వన్ తెచ్చారు. జగిత్యాల, కోరుట్ల దిక్కు ఏ ఇంట్లో చూసినా అంతకుముందు మంచం లేకపోవచ్చు గానీ ఆ టేప్‌రికార్డర్ వచ్చింది. దాంట్లో గద్దర్ పాటల క్యాసెట్ నడిచింది, ఎల్లమ్మ కథ నడిచింది, సినిమా పాటలు నడిచాయి. వాటి మధ్యన 'శంకరాభరణం' క్యాసెట్ కూడా నడిచింది. కోరుట్లల బీడీలు చుట్టే అవ్వలు, అక్కలు చాట ఒళ్లో పెట్టుకుని రేడియో వింటూ చుట్టారు. సిరిసిల్లల సాంచాల మోతలో ఒక మనిషి మాట ఇంకొక మనిషికి వినిపించదు. ఆ మోతలో కూడా పాట పెట్టుకునే కార్మికులున్నారు. సాంచా కొట్టే దెబ్బలో ఒక తాళం వున్నదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఈ శ్రోతలను ఏ సంగీత చరిత్రా లెక్కలోకి తీసుకోలేదు. సభలో ముందువరుసలో కూర్చుని తొడమీద తాళమేసే వాడే శ్రోత అనుకుంటారు. పని చేసుకుంటూ వినేవాళ్లు శ్రోతలు కారా?

సిరిసిల్ల పక్కనే వేములవాడ. రాజన్న గుడి. అక్కడ ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతూ వచ్చాయి. దూరదేశాల నుంచి విద్వాంసులు వచ్చి పాడిపోయారు. అదే గుడికి శ్రీరామనవమికి శివపార్వతులు, జోగినులు త్రిశూలాలు పట్టుకుని వస్తారు. దేవుడికి ఇచ్చేసిన ఆ ఆడవాళ్లలో ఎక్కువమంది మన వాడల బిడ్డలే. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. ఒకే గుడి ఆవరణలో కచేరీ వింటున్న శ్రోత ఒకరు, శివమెత్తి ఆడుతున్న పార్వతి ఒకరు. మొదటిదాన్ని కళ అన్నారు, రెండోదాన్ని మూఢనమ్మకం అన్నారు. ఆ స్త్రీల దోపిడీని మేము కళ అని కీర్తించబోము, అది ఆగాల్సిందే. కానీ మన ఆడబిడ్డలకు దేవుడి పేర దక్కింది దోపిడీ అయితే, అదే దేవుడి పేర మరొకరికి దక్కింది విద్య ఎట్లయిందో అడగక తప్పదు. దక్షిణాదిలో దేవదాసీ కుటుంబాల సంగీత నృత్యాలు సభలకు చేరినంత సులువుగా ఆ స్త్రీలు చేరలేదు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినామె. ఆ ఆరాధనలో స్త్రీలు పాడటానికి ఆమె పోరాడవలసి వచ్చింది.

సినిమా ఇచ్చిన పాత్రలు

మా ప్రాంతానికి శాస్త్రీయ సంగీతం సినిమా ద్వారానే ఎక్కువగా చేరింది కనుక సినిమాను వదిలేయలేం. మూడు సినిమాలను చూద్దాం.

కె.విశ్వనాథ్ 'శంకరాభరణం' (1980)లో తులసి వేశ్యా కుటుంబంలో పుట్టింది. శంకరశాస్త్రి సంగీతాన్ని ఆరాధిస్తుంది. తన కొడుకును ఆయనకు శిష్యుణ్ణి చేస్తుంది. చివరికి ఆయన కాళ్ల దగ్గర ప్రాణం విడుస్తుంది. సంగీతం ఆమె కొడుకుకు అందింది గానీ దానికి ధర ఆమె. ఈ సినిమాలో ఇంకో కథ తెర వెనకాల జరిగింది. ఆ పాటలు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్న ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. విని పట్టుకున్నారు. గురుముఖంగా నేర్చుకోకుంటే రాదనే సిద్ధాంతాన్ని ఆ సినిమా కథ నిలబెడుతుంటే, ఆ సినిమా గొంతు కూలదోస్తున్నది.

విశ్వనాథ్‌దే 'సప్తపది' (1981)లో హరిబాబు హరిజనుడు, వేణువు వాయిస్తాడు. బ్రాహ్మణ పిల్ల హేమ అతన్ని ప్రేమిస్తుంది. చివరికి తాత యాజులు మనసు మార్చుకుని ఆమెను అతని వెంట పంపుతాడు. ఆ కాలానికి ఇది సాహసమే, ఒప్పుకుందాం. కానీ కథ ఎవరిది? మనసు మారవలసిన తాతది. హరిబాబు వేణువు ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరు నేర్పారు, నేర్చుకోవడానికి పోయినప్పుడు గురువు అరుగు మీద కూర్చున్నాడా కింద కూర్చున్నాడా అన్నవి కథకు అక్కరలేకపోయాయి. మనకు కావలసిన కథ సరిగ్గా అదే.

బాలచందర్ 'రుద్రవీణ' (1988) ఇంకొంచెం ముందుకు పోయింది. బిలహరి గణపతిశాస్త్రి సంగీతం ఎంత గొప్పదైనా గుమ్మం దాటి జనం గోడు వినలేని సంగీతమని కొడుకు సూర్యం చేత అనిపించింది. సూర్యం ప్రేమించిన లలిత కింది కులం నాట్యకారిణి. కానీ ఇక్కడ కూడా జనానికి సంగీతాన్ని తెచ్చిపెట్టేది శాస్త్రిగారి కొడుకే. జనం దగ్గర అప్పటికే ఏ సంగీతమూ లేనట్టు. సప్తపదికీ, రుద్రవీణకూ జాతీయ సమైక్యతకు ఇచ్చే అవార్డే వచ్చింది. కులం ప్రశ్న అడిగిన సినిమాలు సర్కారుకు సమైక్యత సినిమాలుగా కనిపించాయంటే, అవి ప్రశ్నను ఎంత మెత్తగా అడిగాయో తెలుస్తున్నది.

రుద్రవీణకు సంగీతం ఇచ్చి జాతీయ అవార్డు అందుకున్నది ఇళయరాజా. తమిళనాడు పన్నైపురంలో దళిత కుటుంబంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్‌తో కమ్యూనిస్టు సభల్లో పాటలకు హార్మోనియం వాయించి, మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫొనీ వినిపించారు. ఆయన తనను కులంతో గుర్తించడాన్ని ఇష్టపడలేదు. ఆయన రాజకీయాలతో మనకు పేచీ వుండొచ్చు. కానీ ఆయన పని ఒక వాదాన్ని కొట్టేసింది. పరై వాయిద్యం, వయొలిన్ బృందం, త్యాగరాజ కృతి ఒకే చెవిలో ఇముడుతాయి, ఒకటి వుంటే ఇంకొకటి పోవలసిన పనిలేదు అని ఆయన వేల పాటల్లో చూపించారు.

మన మిత్రుల అభ్యంతరం

'ఆ సంగీతం నిండా భక్తే, రాముడే. శంబూకుణ్ణి చంపిన రాముణ్ణి మనం పాడాల్నా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గోపాలకృష్ణ భారతి 19వ శతాబ్దంలో రాసిన నందనార్ చరిత్రను కచేరీల్లో కన్నీళ్లు పెట్టుకుని విన్నారు. అందులో నందుడు దళితుడు. గుడిలోకి పోవాలంటే నిప్పులో దూకి శుద్ధి కావాలె. దళితుడు కీర్తనలో వున్నాడు, వేదిక మీద లేడు. ఆ సాహిత్యాన్ని మనం తలకెత్తుకోనవసరం లేదు. విమర్శించాల్సిందే. కానీ రాగం సాహిత్యం ఒక్కటి కాదు. పోలీసు వ్యవస్థ మీద కోపంతో లా చదవడం మానేస్తామా? మనుస్మృతిని తగలబెట్టిన అంబేడ్కర్ సంస్కృతం చదివారు. పెద్దవయసులో వయొలిన్ నేర్చుకున్నారు. రాజ్యాంగం రాసిన చేతిలో వయొలిన్ వున్న సంగతి మన జయంతి సభల్లో ఎందుకు చెప్పుకోం? సూటు, పెన్ను, పుస్తకం మన విగ్రహాల్లోకి వచ్చాయి. వయొలిన్ రాలేదు. ఆనందం మనకు అత్యవసరం కాదని ఎవరు తేల్చారు?

మన దగ్గరి ఉదాహరణ కూడా వున్నది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టి, మాల మాదిగ వాడల్లో చైతన్యం తేవడానికి హరికథలు చెప్పించారు. హరికథ ఎవరిదని ఆయన ఆగలేదు. అందుకున్నారు, తన పనికి వాడుకున్నారు. దేవుడి పేరిట ఆడపిల్లలను వదిలే ఆచారం మీద కొట్లాడిందీ ఆయనే. సంప్రదాయాన్ని కాదనడం, కళను లాక్కోవడం రెండూ ఒకే మనిషి చేయగలడు.

అసలు కష్టం సిద్ధాంతంలో లేదు, ఫీజులో వున్నది, గురువులో వున్నది. మా ఎరుకలో ఒక హాస్టల్ పిల్ల వున్నది. సెల్‌ఫోన్లో కచేరీలు విని, మోహన ఏదో హంసధ్వని ఏదో తనకు తానే విడదీయడం నేర్చుకున్నది. నేర్చుకుందామని ఒక గురువు దగ్గరికి పోతే మొదటి ప్రశ్న 'మీ ఇంటిపేరేంది?' రెండో ప్రశ్న 'మీ ఇంట్లో మాంసం తింటారా?' స్వరం పలికించమని ఎవరూ అడగలేదు. తిరిగొచ్చి తోటి కార్యకర్తలకు చెప్పుకుంటే, 'గా బాపనోళ్ల పాట నీకెందుకు, డప్పు నేర్చుకో' అన్నారు. అదే మిత్రులు ఆడపిల్లకు డప్పు నేర్పడానికి ఎన్ని వాడల్లో ఎంతమంది పెద్దలు ఒప్పుకుంటారో అడగలేదు. ఆ పిల్ల ఇప్పుడు రెండూ నేర్చుకోవడం లేదు. మనకు జరుగుతున్న నష్టం ఇంతకంటే వివరంగా చెప్పలేం.

చేయవలసినవి

ఒకటి. మన గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో సంగీత పాఠం కావాలని అడగాలి. జీతమిచ్చి ఉపాధ్యాయుణ్ణి పెడితే ఇంటిపేరు అడిగే అధికారం ఆయనకుండదు. లెక్కలు, ఇంగ్లీషు అడిగినట్టే హక్కుగా అడగాలి. ఆ తరగతిలో వయొలిన్ పక్కన డప్పు, కిన్నెర కూడా వుండాలి, వాటికీ జీతం వచ్చే గురువులుండాలి. డప్పు నేర్పే మాదిగ పెద్దమనిషికి సారు హోదా రావాలి.

రెండు. మన పరిశోధకులు డప్పు దరువుల లెక్కను, చిందు, బైండ్ల, డక్కలి వాయిద్యాల శ్రుతులను రాసిపెట్టాలి. పాటల్లోని మాటలను సేకరించిన సంకలనాలు మన దగ్గర చాలానే వున్నాయి. స్వరాలనూ లయనూ సేకరించినవి అరుదు. మాటలే మన సాహిత్యమనీ, స్వరం వాళ్ల శాస్త్రమనీ మనకు తెలియకుండానే మనం ఒప్పుకుంటున్నాం.

మూడు. కలిసి వినే చోట్లు కావాలి. జగిత్యాలల ఒక గది, కోరుట్లల ఒక గది, సిరిసిల్లల ఒక గది చాలు. నెలకొకసారి పదిమంది కూర్చుని ఒక రాగం, ఒక దరువు వినాలి, దాని మీద మాట్లాడుకోవాలి, తెచ్చినవాళ్లు వాయించాలి. బీడీలు చుట్టే అక్కలకు, సాంచాల మీద పని చేసే అన్నలకు వీలున్న వేళ పెట్టాలి. వచ్చినవాళ్లను కులమూ అడగొద్దు, ఉద్యమ నిబద్ధతకు రుజువూ అడగొద్దు.

ఈ మూడింటిలో మొదటిదానికి ప్రభుత్వంతో కొట్లాడాలి, రెండోదానికి యూనివర్సిటీతో కొట్లాడాలి. మూడోదానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. అందుకని దాంతోనే మొదలుపెట్టవచ్చునని మేము అనుకుంటున్నాం. దీని మీద ఉపాధ్యాయ మిత్రులూ, విద్యార్థులూ, ముఖ్యంగా మా వాదంతో విభేదించే ఉద్యమ మిత్రులూ రాయాలని కోరుతున్నాం.